రీల్ మొదట్లో సింక్‌లో ఉన్న ఆర్‌ఆర్ (సినిమా నేపథ్య సంగీతం) చివరికి సెకను వెనకబడుతోంది

ప్రశ్న:
18 నిమిషాల రీల్‌కి ఆర్‌ఆర్ మొత్తం ఒకే వేవ్ ఫైల్‌గా ఎడిటర్‌కి పంపాం. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. మొదటి పాప్ (సింక్ చూసుకోవడానికి పెట్టే ఒక్క ఫ్రేమ్ బీప్) సరిగ్గా కూర్చుంది. రీల్ చివర తలుపు మూసుకునే చోట పడాల్సిన దెబ్బ మాత్రం 26 ఫ్రేములు ఆలస్యం. మా సెషన్‌లో అంతా బొమ్మతో కలిసే ఉంది. ఎడిటర్ టైమ్‌లైన్ సెకనుకు 24 ఫ్రేములు. మళ్లీ వాయించకుండా సరిదిద్దే వీలుందా?

జవాబు 1:
ఉందండీ. 18 నిమిషాలకు 26 ఫ్రేములంటే 1.08 సెకన్లు, వెయ్యింట ఒక వంతు. 24కీ 23.976కీ తేడా అంతే. మీకిచ్చిన వీడియో 23.976లో బయటికొచ్చి ఉంటుంది, ఫైల్ వివరాల్లో చూడండి. ఫ్రేములు ఒక్కటీ పోవు, బొమ్మ కాస్త నిదానంగా నడుస్తుంది, మీ సంగీతం ఆ నడకకే కుదిరింది. శాంపిల్ రేట్‌ని (మీరు చెప్పిన 48 కిలోహెర్ట్జ్‌ని) అనుమానించక్కర్లేదు. 44.1, 48 తారుమారైతే శ్రుతే దాదాపు ఒకటిన్నర సెమీటోన్ జరిగి, మొదటి స్వరంలోనే దొరికిపోతుంది.

స్టెమ్స్ (వాయిద్యాల వారీగా విడిగా తీసిన ట్రాకులు) అన్నిటినీ ఒకే సెట్టింగ్‌తో 100.1 శాతం వేగానికి రీశాంపుల్ చేయండి. శ్రుతి 2 సెంట్లలోపే (సెమీటోన్‌లో వందో వంతు ఒక సెంటు) పెరుగుతుంది, చెవికి అందదు. శ్రుతిని పట్టి ఉంచే టైమ్-స్ట్రెచ్ మాత్రం వద్దు, డ్రమ్స్ దెబ్బల పదును పోతుంది.

జవాబు 2:
ఎడిటింగ్ వైపు నుంచి ఒక మాట. ఎక్స్‌పోర్ట్ ప్రీసెట్‌లో ఫ్రేమ్ రేట్ వేరేగా ఉండిపోతే ఇదే జరుగుతుంది. ఈసారి వీడియో అడిగేటప్పుడు టైమ్‌కోడ్ (గంట:నిమిషం:సెకను:ఫ్రేమ్ లెక్క) బొమ్మ మీదే వేయించుకోండి. రీల్ 01:00:00:00 దగ్గర మొదలైతే 00:59:58:00 దగ్గర ఒక్క ఫ్రేమ్ పాప్ ఉండాలి. చివరి ఫ్రేమ్ దాటిన 2 సెకన్లకు ఇంకొకటి తప్పనిసరి. మొదటిది కుదిరి చివరిది కుదరకపోతే రేట్ తేడా అని ఒక్క చూపులో తెలుస్తుంది, మీకు అదే లేకపోయింది.

డైలాగ్, టెంప్ మ్యూజిక్ (ఎడిటర్ తాత్కాలికంగా పెట్టుకున్న సంగీతం) వేర్వేరు ట్రాకుల్లో తీసుకోండి. వీడియో ప్రోరెస్ ప్రాక్సీ (ఎడిటింగ్‌కి అనువైన తేలికపాటి ఫార్మాట్) అయితే మంచిది. హెచ్.264లో చాలా ఫ్రేములు పక్క ఫ్రేముల మీద ఆధారపడతాయి కాబట్టి వెనక్కీ ముందుకీ జరిపేటప్పుడు సెషన్ తడబడుతుంది. మీ వైపు నుంచి ఎమ్‌పీ3 మాత్రం పంపకండి, మొదట్లో కాస్త నిశ్శబ్దం చేరుతుంది.

జవాబు 3:
రీల్ మొత్తం ఒకే ఫైల్‌గా కాకుండా క్యూలుగా (ఒక్కో సన్నివేశపు సంగీతం ఒక్కో ముక్కగా) పంపడం మేలు. పేరులోనే రీల్, క్యూ నంబరు, వెర్షన్, మొదలయ్యే టైమ్‌కోడ్ ఉండాలి. సీన్ కత్తిరిస్తే ఆ తర్వాతి క్యూలను జరిపితే చాలు.

ఇప్పటి ఫైల్‌ని సరిచేశాక అందులోని టైమ్ స్టాంప్‌ని (ఫైల్ ఎక్కడ మొదలవ్వాలో చెప్పే ముద్రని) నమ్మకండి. బ్రాడ్‌కాస్ట్ వేవ్‌లో (టైమ్ స్టాంప్ ఉండే వేవ్ ఫైల్‌లో) దాచేది అర్ధరాత్రి నుంచి లెక్కించిన శాంపిళ్లు. 23.976 సెషన్‌లో 01:00:00:00 అని పడిన ముద్ర 24 టైమ్‌లైన్‌లో 3.6 సెకన్లు ఆలస్యంగా వాలుతుంది. పాప్ మీద పాప్ పెట్టి చేత్తోనే కూర్చోబెట్టమని ఎడిటర్‌కి చెప్పండి.