ఉప్పుటేటి నీటి తొట్టిలో ఏ మొక్కలు బతుకుతాయి?

ప్రశ్న – గోదారిగట్టు, కాకినాడ

అందరికీ నమస్కారం. మా ఇంట్లో రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల అక్వేరియం ఉంది. ఇసుక, రాళ్ళు పోను సుమారు 45 లీటర్ల నీరు పడుతుంది. అందులో ఆరు బంబుల్‌బీ గోబీ చేపలను పెంచాలన్న కోరికతో, లీటరుకు 7 గ్రాముల చొప్పున కల్లుప్పు కలిపి, ముందుగా హైడ్రిల్లా, కబోంబా నాటాను. నాలుగో రోజుకే ఆకులు గాజులా పలచబడి, వేలు తగిలితే విడిపోసాగాయి. పది రోజులకు కాడలు మాత్రమే మిగిలాయి. చేపలను ఇంకా తేలేదు. ప్లాస్టిక్ మొక్కలు పెట్టడానికి మనసొప్పడం లేదు. ఈ నీటిలో నిలబడే మొక్కలేవో, కోరింగ నుంచి చిన్న మడ మొక్క తెచ్చి పెట్టవచ్చో లేదో దయచేసి చెప్పగలరు.

సమాధానం – నీటితోట

చేపలను తేకముందే అడిగి మంచి పని చేశారండీ. హైడ్రిల్లా కొద్దిపాటి ఉప్పును ఓర్చుకుంటుంది గాని, చప్పనీటిలో పెరిగిన మొక్కను ఒక్కరోజులో ఏడు గ్రాముల ఉప్పులో పెడితే ఆకు కణాలలోని నీరంతా బయటికి పోతుంది. మీరు చూసిన గాజు ఆకులు దాని ఫలితమే. కబోంబా అసలు ఈ నీటి మొక్క కాదు. రెండో పొరపాటు కల్లుప్పు. అందులో ఉన్నది దాదాపుగా సోడియం క్లోరైడే కనుక, కాల్షియం, మెగ్నీషియం, కార్బొనేట్లు కూడా ఉండే, సముద్రపు చేపల అక్వేరియంల కోసం అమ్మే మెరైన్ సాల్ట్ వాడండి.

మీరు ఎంచుకున్న గోబీలకు సాంద్రత 1.003 చాలు, అంటే లీటరుకు నాలుగైదు గ్రాములు. అక్కడ ఆగితే మొక్కల ఎంపిక సులువవుతుంది. నా తొట్టిలో ఇదే ఉప్పదనంలో జావా ఫెర్న్, జావా మాస్, అనూబియాస్ రెండేళ్ళుగా ఉన్నాయి. జావా ఫెర్న్ దుంపకాడను ఇసుకలో పాతిపెట్టకుండా, రాయికో చెక్కకో దారంతో కట్టండి, పాతితే కుళ్ళిపోతుంది. ముదురు ఆకుల అడుగున నల్లని చుక్కలు కనిపిస్తే తెగులనుకుని తుంచెయ్యవద్దు, చాలాసార్లు ఆ చుక్కల దగ్గరే వేళ్ళతో సహా పిల్ల మొక్కలు పుడతాయి. వెనుక వరుసకు వాలిస్నేరియా బాగుంటుంది.

మొక్కలను ముందు చప్పనీటిలోనే నాటి, మూడు వారాలు వేరు పట్టనిచ్చి, ఆ తర్వాత వారానికి లీటరుకు ఒక గ్రాము మించకుండా ఉప్పు పెంచండి. ఉప్పును ఎప్పుడూ విడిగా బకెట్లో కరిగించాకే పోయాలి.

సమాధానం – మడచెట్టు

పైవారు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను, వాలిస్నేరియా విషయంలో తప్ప. నాకది రెండుసార్లు 1.004 దగ్గరే ఆకు కరిగిపోయింది. దాని బదులు క్రిప్టోకొరైన్ సీలియేటా వెతకండి. మన దేశపు తీరాల్లో ఆటుపోట్లు తగిలే బురదలో సహజంగా పెరిగే మొక్క కనుక, ఈ నీరు దానికి కొత్త కాదు. నాటిన కొత్తలో ఆకులన్నీ కరిగిపోయినా పీకవద్దు. వేరు గట్టిగా ఉంటే కొన్ని వారాలకు మధ్యలోంచి కొత్త ఆకు చుట్టలా లేస్తుంది. అయితే అది ఎత్తుగా ఎదిగే మొక్క, అడుగు నీటిని దాటి పైకి వస్తుంది, కనుక మూలలో ఒక్కటే నాటండి. ముందు వరుసకు బకోపా మొన్నియెరి సరిపోతుంది. ఆయుర్వేదంలో బ్రాహ్మి అనేది దీన్నే, మనం సరస్వతి ఆకు అని పిలిచే గుండ్రటి ఆకు మొక్క వేరు.

మడ సంగతి. కోరింగ వన్యప్రాణి అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అక్కడి మొక్కనూ, విత్తనాన్నీ తీసుకురాకూడదు. తుపాను అలల ఉధృతిని తగ్గించే అడవి అది, దయచేసి ముట్టుకోవద్దు. అనుమతి ఉన్న నర్సరీలో దొరికితేనే పెంచండి. వేళ్ళు మాత్రమే నీటిలో ఉండి, ఆకులు పైన ధారాళమైన వెలుతురులో ఉండాలి. తెల్లమడ అయితే ఆకుల ద్వారా ఉప్పును వెలుపలికి పంపుతుంది. ఎండపొద్దున ఆకు మీద సన్నని ఉప్పు పలుకులు మెరుస్తుంటాయి, అడవిలో వాన కడిగే ఆ ఉప్పును ఇంట్లో మీరే చప్పనీటి తుంపరతో కడగాలి.

గోదారిగట్టు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మడ ఆలోచన మానుకున్నాను. ఫెర్న్, మాస్, సీలియేటాతో మొదలుపెడతాను. ఒక్క సందేహం: ఎండాకాలంలో మా తొట్టిలో వారానికి రెండు మూడు లీటర్లు ఇగిరిపోతాయి. అప్పుడు ఉప్పునీరే పోయాలా?

నీటితోట

పోయకూడదండీ. ఇగిరేది నీరే, ఉప్పు తొట్టిలోనే మిగులుతుంది. తగ్గినంత మేర క్లోరిన్ తీసిన చప్పనీరు పోయండి. వారం వారం నీరు మార్చేటప్పుడు మాత్రమే తీసినంత నీటికి అదే ఉప్పదనం కలిపి పోయాలి. మీ వైపు రొయ్యల రైతులు చెరువు నీటి ఉప్పదనం చూసే రిఫ్రాక్టోమీటరు దీనికీ పనికొస్తుంది, రెండు చుక్కల నీరు చాలు. నీరు పోసే ముందు ఒకసారి, పోశాక ఒకసారి చూసి అంకెలు రాసిపెట్టుకోండి.