మెక్సికోలో రాష్ట్ర గవర్నర్, మన గవర్నర్ ఒకటేనా?

చిక్కడపల్లి చదువరి:
గ్రూప్-1 మెయిన్స్ కోసం సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని వేరే దేశాల సమాఖ్య వ్యవస్థలు చదువుతున్నానండి. మెక్సికోలో 31 రాష్ట్రాలకీ గవర్నర్లున్నారు గానీ, మన సోమాజిగూడలో ఉండే గవర్నర్‌కీ వాళ్లకీ పోలికే కనపడట్లేదు. గ్వానహ్వాతో రాష్ట్రం జాబితా చూస్తే ఈమధ్య వాళ్లు చాలావరకు ఆరేళ్ల చొప్పున ఉన్నారు, ఒకసారి వచ్చిన పేరు మళ్లీ రాలేదు. 1991లో వచ్చినాయన మాత్రం 'తాత్కాలికం' అంటూనే 1995 దాకా ఉన్నాడు. ఎందుకలా?

నారాయణగూడ వాసి:
పనిని బట్టి చూస్తే అక్కడి గవర్నర్ మన ముఖ్యమంత్రి అనుకోండి. జనం నేరుగా ఓటేసి గెలిపిస్తారు, సభలో మెజారిటీ ఎవరిదన్న దాన్ని బట్టి పదవి ఊడదు. 1984 ఆగస్టులో గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్‌ని దించేశాక ఇక్కడ నెల రోజులు ఎమ్మెల్యేల లెక్కలతోనే గడిచింది కదా, అక్కడ బలపరీక్ష అన్న మాటే లేదు. ఇక పేరు మళ్లీ రాకపోవడానికి కారణం మెక్సికో రాజ్యాంగం 116వ అధికరణం. ఒకసారి ఎన్నికైనవాళ్లు జన్మలో మళ్లీ ఆ రాష్ట్రానికి గవర్నర్ కాలేరు, నాలుగు రోజుల ఇన్‌ఛార్జిగా కూడా పనికిరారు. పోర్ఫిరియో దియాస్ అనే అధ్యక్షుడు మధ్యలో నాలుగేళ్లు తప్ప 1876 నుంచి 1911 దాకా కుర్చీ వదల్లేదు, ఆయన మనుషులు రాష్ట్రాల్లో పాతుకుపోయారు. విప్లవం వచ్చిందే దానిమీద.

మలక్‌పేట మాస్టారు:
1991 సంగతి నేను చెప్తాను, అసలు కథ అక్కడే ఉంది. దశాబ్దాలుగా పీఆర్ఐ పార్టీదే రాజ్యం. 1989లో బాహా కాలిఫోర్నియాలో పాన్ పార్టీ నుంచి ఎర్నెస్తో రుఫో గెలిచేదాకా ప్రతిపక్షానికి ఒక్క గవర్నర్ పదవి కూడా దక్కనివ్వలేదు. గ్వానహ్వాతోలో పీఆర్ఐ అభ్యర్థి రామోన్ అగిర్రే గెలిచాడని, పాన్ అభ్యర్థి విసెంతే ఫాక్స్ ఓడాడని ప్రకటించారు. రిగ్గింగ్ జరిగిందని జనం రోడ్డెక్కితే అగిర్రే ప్రమాణం చేయకుండానే తప్పుకున్నాడు. అలాగని ఫాక్స్‌కీ ఇవ్వలేదు, అదే పాన్‌కి చెందిన కార్లోస్ మెదీనాను కూర్చోబెట్టారు. అంటే ఓటు జనానిదే, ఎవరు కూర్చోవాలో తేల్చింది మాత్రం రాజధానిలో అధ్యక్షుడు సాలినాస్. ఫాక్స్ 1995లో అక్కడే గెలిచి, 2000లో దేశాధ్యక్షుడయ్యాడు. జాబితాలో తాత్కాలికం అన్న పేరు కనపడితే అక్కడ ఆగి చదవండి, కేంద్రం చెయ్యి చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

నారాయణగూడ వాసి:
మాస్టారూ, బాగా చెప్పారు. కానీ మళ్లీ పోటీ లేకపోవడం వల్ల నష్టం కూడా ఉందండి, ఓటరుకి మళ్లీ మొహం చూపించాల్సిన పని ఉండదు. వెరాక్రూస్ గవర్నర్ హవియర్ దువార్తే 2016లో గడువుకి కొన్ని వారాల ముందు పదవి వదిలి పరారయ్యాడు, 2017లో గ్వాటెమాలాలో దొరికాడు, మరుసటి ఏడాది తొమ్మిదేళ్ల శిక్ష పడింది. చదువరి గారూ, మెయిన్స్‌లో రాసేటప్పుడు ఈ రెండో వైపు కూడా రాయండి.