రూల్ 15 కొట్టేశాక జాబితాలో ఏమని రాయాలి?

కృష్ణాతీరం (2024 డిసెంబర్ 11, రాత్రి 11.20):
సాయంత్రం ఐదింటికి కూర్చున్నాను, ఒక్క వరుస దగ్గరే ఆగిపోయాను. వెబ్‌సైట్లు అందరికీ అందుబాటులో ఉండాలని చెప్పే చట్టాల జాబితాను మేం నలుగురం తెలుగులో నడుపుతున్నాం, ఎవరైనా చూసుకోవచ్చు. రూల్ 15ను కోర్టు కొట్టేసింది కదా, ‘స్థితి’ గడిలో ఏం పెట్టాలి? ‘అమలులో ఉంది’ అంటే అబద్ధం. ‘రద్దయింది’ అంటే అంతకన్నా పెద్ద అబద్ధంలా కనిపిస్తోంది. ఆ గడి ఈ రెండు మాటలు తప్ప మూడోది తీసుకోదు. నిన్న ఒకాయన ఫోను చేసి, తన బ్యాంకు యాప్ మీద ఫిర్యాదు రాయడానికి మా జాబితానే ముందు పెట్టుకున్నానన్నారు. నేను తప్పు రాస్తే ఆయన అర్జీలో తప్పు పడుతుంది. దయచేసి తెలిసినవారు చెప్పండి.

పాతగెజిట్:
ఏ దేశం? ఏ చట్టం కింది రూల్ 15?

కృష్ణాతీరం:
మన దేశమేనండీ. వికలాంగుల హక్కుల చట్టం, 2016.

పాతగెజిట్:
ఆ చట్టంలో రూల్ 15 లేదు. దాని కింద కేంద్రం చేసిన 2017 నియమావళిలో ఉంది.

మాటలపేటి:
అసలు సమస్య శీర్షికలోనే ఉందండీ. ‘అందుబాటు’ అంటున్నారు. కిరాణా కొట్లో ఉప్పు అందుబాటులో ఉంది అంటాం, అంటే దొరుకుతుందని. వెబ్‌సైటు దొరకడం వేరు, చూపు లేనివారు దాన్ని చదవగలగడం వేరు. 2015లో కేంద్రం ‘సుగమ్య భారత్’ మొదలుపెట్టినప్పుడే మనకు ‘సుగమ్యత’ అనే మంచి మాట దొరికింది. దాన్ని వదిలేసి ఒకరు ‘ప్రాప్యత’ అంటారు, ఇంకొకరు ‘అందుబాటు’ అంటారు. మాట స్థిరపడని జాబితాలో వెతికేవారికి ఏదీ దొరకదు. ముందు ఇది తేల్చండి.

నల్లకోటు:
మాటల సంగతి తర్వాత చూద్దాం, ఫోను చేసిన ఫిర్యాదుదారు ఎదురుచూస్తున్నారు. కృష్ణాతీరం గారూ, సుప్రీంకోర్టు కొట్టేసింది రూల్ 15 మొత్తాన్ని కాదు, అందులోని మొదటి ఉపనియమం 15(1)ని. నవంబర్ 8న, రాజీవ్ రతూరి కేసులో. ఆ పిటిషన్ 2005 నాటిది. కారణం తెలిస్తే మీ గడిలో ఏం రాయాలో మీకే తెలుస్తుంది. తప్పనిసరిగా పాటించవలసిన నియమాలు చేయమని చట్టంలోని 40వ సెక్షన్ కేంద్రానికి చెప్పింది. రూల్ 15(1) మాత్రం వేర్వేరు శాఖల మార్గదర్శకాలను ఒకచోట చేర్చి, వీటిని పాటించండి అంది. వెబ్‌సైట్లకైతే ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు. ఆ మార్గదర్శకాలు తెరిస్తే చాలాచోట్ల ‘చేస్తే మంచిది’ అన్న ధోరణే. చట్టం ‘చేయాలి’ అంటుంటే నియమం సలహాలు చెబితే ఎలా? అందుకే అది చట్టానికి విరుద్ధమని తేల్చి, తప్పనిసరి నియమాలను మూడు నెలల్లో తయారు చేయమంది. కోర్టు బాధ్యతను బిగించింది, సడలించలేదు. మీరు ‘రద్దయింది’ అని పెడితే చదివేవారికి సరిగ్గా తలకిందులుగా అర్థమవుతుంది. కోర్టు ముందుకు వెళ్లిన నివేదికను తయారు చేసింది మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంవారు. వీలైతే అదీ చదవండి.

మాటలపేటి:
మీరు కూడా ‘నియమం’, ‘మార్గదర్శకం’ అని విడదీసే మాట్లాడారు కదా. మాట ముఖ్యం కాదని ఎలా అంటారు?

నల్లకోటు:
ముఖ్యం కాదనలేదు. ఆ తేడాకు కోర్టులో బలం ఉంది. సుగమ్యతా, అందుబాటా అన్నదానికి లేదు.

మాటలపేటి:
చదివేవారి దగ్గర ఉంది.

పాతగెజిట్:
కృష్ణాతీరం గారూ, మీ పట్టికలో చట్టానికీ నియమావళికీ ఒకే వరుసా?

కృష్ణాతీరం:
అవును. అది చెప్పాలని తోచలేదు. చట్టం పేరు, దాని కిందే నియమావళి నకలుకు లింకు, ఒకే స్థితి. పాత ఇంగ్లిష్ జాబితా నుంచి అలాగే తెచ్చుకున్నాం.

పాతగెజిట్:
అదీ సంగతి. నియమం పోయిందని రాస్తే చట్టమే పోయినట్టు కనిపిస్తుంది. విడదీయండి. చట్టం ఒక వరుస: 2017 ఏప్రిల్ 19 నుంచి అమలు. నియమావళి ఒక వరుస. 15(1)కు విడిగా వరుస: 2017 జూన్‌లో వచ్చింది, 2023 సవరణతో వెబ్‌సైట్లు, యాప్‌ల సుగమ్యతకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 17802 చేరింది, 2024 నవంబర్ 8న కోర్టు కొట్టేసింది. పాతది చెరిపేయకండి. 2023 నాటి ఫిర్యాదుకు ఆనాటి నియమమే కావాలి.

చెవితో చదువుతాను:
నేను చూపు లేని పాఠకుణ్ణి, మీ జాబితా ఇప్పుడే విన్నాను. మీరు స్థితిని రంగుతో చూపించారు. తెర మీది అక్షరాలను పైకి చదివే నా స్క్రీన్ రీడర్ వరుస పేరు చదివి, ‘స్థితి’ అని, ఆగిపోతోంది. మా అమ్మాయిని అడిగితే అక్కడ ఆకుపచ్చ చుక్క ఉందంది. రెండోది, నియమావళి లింకు. తెరిస్తే స్కాన్ చేసిన కాగితాల బొమ్మ. పేజీ తర్వాత పేజీ, ‘ఖాళీ’ అంటోంది. వెబ్‌సైట్లో పెట్టే పత్రాలు ఈపబ్ అనే ఈ-పుస్తకంగానో, అక్షరాలు గుర్తించిన పీడీఎఫ్‌గానో ఉండాలని ఆ 15(1)లోనే రాశారు. అది నేను వేరేచోట విన్నాను, మీ దగ్గర వినలేకపోయాను.

కృష్ణాతీరం:
క్షమించండి. రంగు పక్కన మాట పెడతాను. నకలు మార్చడం ఈ రాత్రే మొదలుపెడతాను.

రైన్‌తీరం:
జర్మనీ నుంచి రాస్తున్నాను. ఇదే పొరపాటు మీ ఐరోపా వరుసలోనూ ఉంది. సుగమ్యత మీద ఐరోపా సమాఖ్య చేసిన 2019/882 ఆదేశికకు ‘2019 నుంచి అమలు’ అని పెట్టారు. కంపెనీలకు అది వర్తించేది 2025 జూన్ 28 నుంచి, అదీ ఒక్కో దేశం చేసుకున్న సొంత చట్టం ద్వారా. జర్మనీ తన చట్టాన్ని 2021లోనే చేసింది. కాబట్టి ‘చేసిన తేదీ’, ‘వర్తించే తేదీ’ రెండు గడులు కావాలి. ఇంకొకటి. వెబ్ సుగమ్యతకు అంతర్జాతీయ మార్గదర్శకాలైన డబ్ల్యూసీఏజీలో 2.2 సంచిక నిరుడు అక్టోబరులో వచ్చిందని ఎవరో అన్ని వరుసల్లోనూ 2.2 అని దిద్దారు. అలా చేయకూడదు. చట్టం ఏ సంచికను పేర్కొంటే అదే రాయాలి. ఇక్కడి ఐరోపా ప్రమాణం ఈఎన్ 301 549 ఇప్పటికీ డబ్ల్యూసీఏజీ 2.1 మీదే నిలబడి ఉంది.

పాతగెజిట్:
మూడో గడి: ‘చివరిగా సరిచూసిన తేదీ’. మార్పు లేకపోయినా వేయాలి. కోర్టు ఇచ్చిన మూడు నెలల గడువు ఫిబ్రవరిలో ముగుస్తుంది, అప్పుడు ప్రభుత్వ గెజిట్ చూడండి. వార్త చూసి దిద్దకండి.

మాటలపేటి:
శీర్షికలో ‘సుగమ్యత’ పెట్టి, వెతుకులాటకు ‘అందుబాటు’, ‘ప్రాప్యత’ కూడా దొరికేలా చేస్తే నాకు అభ్యంతరం లేదు.

కృష్ణాతీరం (డిసెంబర్ 12, తెల్లవారుజామున 2.05):
వరుసలు విడదీశాను. ఫోను చేసినాయనకు చట్టంలోని 40, 42, 46 సెక్షన్లు చూపి రాయమని చెబుతాను. అందరికీ ధన్యవాదాలండీ, పొద్దున్నే డ్యూటీ ఉంది.

చెవితో చదువుతాను (డిసెంబర్ 12, ఉదయం 7.40):
భారతదేశం వరుస ఇప్పుడు చక్కగా చదువుతోంది. బ్రిటన్ వరుసలో ఇంకా చుక్కే ఉంది.