ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు బ్లాక్ అండ్ వైట్‌లో ఒకటైపోతున్నాయి

కొత్త కెమెరా:
మా నాయనమ్మ ఫోటో ఒకటి ఫ్రేమ్ కట్టించాలి. హాల్లో నాయనమ్మ తాతయ్యల పెళ్లి ఫోటో ఉంది, అది బ్లాక్ అండ్ వైట్, దాని పక్కన పెట్టేది కాబట్టి ఇదీ అలాగే ఉండాలని నాన్న అడిగారు. పోయిన సంక్రాంతికి అరుగు మీద కూర్చోబెట్టి తీశాను. ఆకుపచ్చ గద్వాల్ చీర, ఎర్ర అంచు, నుదుటన రూపాయి కాసంత కుంకుమ బొట్టు. ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ చేస్తే చీర, అంచు కలిసిపోయి ఒకే బూడిద రంగు ముద్దలా వచ్చాయి. ఎర్ర ఫిల్టర్ పెడితే అంచు తేలింది గానీ బొట్టు మాయమైంది! బొట్టు లేకపోతే ఆవిడ మా నాయనమ్మలా లేదు. ఏం చేయాలో చెప్పండి.

పాత రీలు:
తమ్ముడూ, తప్పు నీది కాదు. రంగును బూడిదగా మార్చడానికి మామూలుగా వాడే లెక్కలో ఎరుపుకి 0.299, ఆకుపచ్చకి 0.587, నీలానికి 0.114 వంతు ఇస్తారు. 0 నుంచి 255 దాకా ఉండే కొలతలో ఎరుపు 200 ఉన్న అంచు, ఆకుపచ్చ 102 ఉన్న చీర, రెండూ సుమారు 60 దగ్గరే ఆగుతాయి, ఇక కంటికి తేడా ఎక్కడిది? ఎర్ర ఫిల్టర్ వేస్తే ఎర్రటివన్నీ తెల్లబడతాయి, ముఖం తెల్లబడుతుంది, బొట్టూ తెల్లబడి అందులో కలిసిపోతుంది. నువ్వు దానికి ఎదురు పని చెయ్యి. ఫోటోలు సరిదిద్దే లైట్‌రూమ్ యాప్‌లో బ్లాక్ అండ్ వైట్ నొక్కాక 8 రంగులకు స్లైడర్లు వస్తాయి, ఎరుపు తగ్గించు, ఆకుపచ్చ పెంచు. అంచు ముదురు, చీర లేత, బొట్టు నల్లగా నిలబడుతుంది. పూర్వం ఎరుపును పట్టని ఆర్థోక్రోమాటిక్ ఫిల్మ్ మీద కుంకుమ నల్లగా పడేది, ఆ కళే వస్తుంది.

కొత్త కెమెరా:
అన్నా, బొట్టు వచ్చేసింది, చాలా థాంక్స్! కానీ ఎరుపు పూర్తిగా తగ్గించేసరికి పెదాలు నల్లబడ్డాయి, బుగ్గల మీద మచ్చలు లేచాయి.

స్టూడియో మనిషి:
అంత కిందికి లాగకండి. మనుషుల చర్మం ఎక్కువగా నారింజ స్లైడర్ కింద ఉంటుంది, అది కొంచెం పెంచి, ఎరుపు సగంలోనే ఆపండి. అప్పటికీ అంచు చాలకపోతే బ్రష్‌తో అంచు వరకే ముదురు చేసుకోండి, ముఖం జోలికి వెళ్లొద్దు. నాకైతే అంచు కాస్త తగ్గినా ఫర్వాలేదు, ముడతలు మెత్తగా కనబడటమే ముఖ్యం. ఇంకొకటి, నీలం స్లైడర్ బాగా లాగితే గరుకుగా చుక్కలు లేస్తాయి. రా ఫైల్ (కెమెరా మార్పులు చేయకుండా దాచే మూల ఫైల్) ఉంటే దానితోనే చేయండి, మామూలు జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే, 14 బిట్ రాలో 16,384, ఎంత లాగినా అంత తొందరగా చెదరదు.

పాత రీలు:
ల్యాబ్‌లో కలర్ పేపర్ మీదే వేస్తారు, ఒక్కోసారి బూడిద రంగులో గులాబీ ఛాయో ఆకుపచ్చ ఛాయో వస్తుంది. పెద్దది వేయించే ముందు 4×6 ఒకటి తీయించి, పెళ్లి ఫోటో పక్కన పెట్టి పగటి వెలుతురులో చూడు.

కొత్త కెమెరా:
రా ఫైల్ ఉంది. నారింజ పెంచి, ఎరుపు సగంలో ఆపి ఇప్పుడే నాయనమ్మకి చూపించాను. ముందు బొట్టు చూసుకుంది, తర్వాత జరీ ఏదిరా అంది. పసుపు స్లైడర్ కొంచెం పెంచితే జరీ కూడా మెరిసింది. రేపు 4×6 వేయిస్తాను.