రొమ్ము క్యాన్సర్: మొత్తం తీయించాలా, గడ్డ వరకేనా?

మధిర అమ్మాయి:
మా అమ్మకు 56 ఏళ్లు. ఎడమ రొమ్ములో రెండు సెంటీమీటర్ల గడ్డ. బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇవ్వొచ్చు, రొమ్ము మొత్తం తీసినా సరే, మీరే ఆలోచించుకోండి అన్నారు హైదరాబాద్‌లో సర్జన్. మావయ్యలు "మొత్తం తీయించండి, పీడా పోతుంది" అంటున్నారు. నాకూ అదే మంచిదనిపిస్తోంది. కొంత ఉంచుకుని రోజూ టెన్షన్ ఎందుకు?

విశాఖ పాఠకుడు:
ఈ లెక్క ఎప్పుడో తేలిందండీ. అమెరికాలో ఫిషర్, ఇటలీలో వెరొనేసి అనే సర్జన్లు ఈ రెండు పద్ధతులనూ పోల్చే అధ్యయనాలు 1970లలో మొదలుపెట్టి, 20 ఏళ్ల ఫలితాలను 2002లో ప్రకటించారు. ఎలా తీసినా బతికే అవకాశంలో తేడా లేదు. ఇక రొమ్ము తీయించడం దేనికి?

కోదాడ రైతు:
తేడా లేదని తేలిగ్గా అనేశారు. వెరొనేసి లెక్కలోనే, రొమ్ము ఉంచినవాళ్లలో 8.8 శాతం మందికి అదే రొమ్ములో మళ్లీ వచ్చింది. మొత్తం తీసినవాళ్లలో ఆ చోట మళ్లీ వచ్చింది 2.3 శాతం మందికే. మళ్లీ ఆపరేషన్ అంటే పల్లెటూరి మనిషికి మాటలా?

విశాఖ పాఠకుడు:
నిజమే, ఒప్పుకుంటా. రేడియేషన్ ఎగ్గొడితే ఇంకా ప్రమాదం. ఫిషర్ లెక్కలో రేడియేషన్ తీసుకున్నవాళ్లలో 14 శాతం మందికి తిరగబెడితే, తీసుకోనివాళ్లలో 39 శాతం. తిరగలేం అనుకుంటే గడ్డ వరకే అన్న మాట ఎత్తకండి. కాకపోతే ఒకప్పటిలా ఐదు వారాలు కాదు, ఇప్పుడు చాలామందికి 15 సార్లు, మూడు వారాల్లో ముగిస్తున్నారు.

గుంటూరు అక్క:
నేను మొత్తం తీయించుకున్నదాన్నే. రేడియేషన్ తప్పుతుందనే ఒప్పుకున్నాను. తీరా చంకలో ఐదు గ్రంథులకు పాకిందని అదీ పెట్టారు. ఆ సంగతి ముందే ఎవరైనా చెప్పుంటే బాగుండేది. ఇప్పుడు బాధేం లేదు, బ్రాలో ప్యాడ్ పెట్టుకుని పెళ్లిళ్లకూ వెళ్తున్నా. కానీ మొదటి నెల అద్దం చూడలేదమ్మా.

ఇంకోటి. బయాప్సీ ముక్కకు చేసే ఐహెచ్‌సీ పరీక్ష రిపోర్ట్ వచ్చిందా? అది ఏ రకం క్యాన్సరో చెప్పే ఈఆర్, పీఆర్, హెర్2 ఫలితాలు తెలియకుండా ఆపరేషన్‌కు తొందరపడకు. కొన్ని రకాలకు ముందు కీమో ఇచ్చి, గడ్డ కరిగాక కోస్తారు. సరే గానీ, మీ మావయ్యల మాట చెప్పావు, నీ మాట చెప్పావు. అమ్మ ఏమంటోంది?

మధిర అమ్మాయి:
అమ్మకు మామూలు గడ్డ అనే చెప్పామక్కా. క్యాన్సర్ అంటే అన్నం మానేస్తుందని భయం.

గుంటూరు అక్క:
జుట్టు ఊడేటప్పుడు ఏం చెప్తావు మరి?

కోదాడ రైతు:
అక్క మాటకు అడ్డు చెప్పను. మా నాన్నకు చివరిదాకా చెప్పలేదు మేము. ఆయనకు తెలుసో లేదో ఇప్పటికీ తెలీదు.

మధిర అమ్మాయి:
రాత్రి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. పొద్దున్నే లేచి, కరెంటు (రేడియేషన్) పెట్టే మూడు వారాలూ మియాపూర్‌లో పిన్ని ఇంట్లో ఉండొచ్చా అని అడిగింది. ఏదీ తేల్చలేదు. శుక్రవారం రిపోర్ట్ వస్తుంది, డాక్టరమ్మను తనే అడుగుతానంది. మావయ్యలను మాత్రం వెంట రావద్దంది.