అప్‌డేట్: వానొస్తే హామ్ రేడియో క్లబ్ నెట్‌కి (రేడియోలో సభ్యులంతా కలిసే సమావేశానికి) చెక్-ఇన్ కుదరట్లేదన్న సమస్య

వాన పడితే 40 మీటర్ల బ్యాండు (తరంగదైర్ఘ్యం) డైపోల్, అంటే రెండు చేతుల వైరు యాంటెనా, ఎస్‌డబ్ల్యూఆర్ (పవర్ ఎంత వెనక్కొస్తోందో చెప్పే అంకె, 1కి దగ్గరుంటే మంచిది) 1.3 నుంచి 3 దాటుతోందని అడిగాను కదా. మీరన్నట్టే వైరు తప్పు కాదు. కోక్స్ (యాంటెనా కేబుల్) కొసనున్న పీఎల్-259 కనెక్టర్ విప్పితే షీల్డు (కేబుల్ లోపల చుట్టూ ఉండే అల్లిక) రాగి పచ్చగా చిలుం పట్టి ఉంది. నీళ్లు షీల్డు వెంట లోపలికి పాకుతాయి కాబట్టి, రాగి మెరిసేదాకా కోక్స్ కోసి కొత్త కనెక్టర్ సోల్డర్ చేశాను. పైన సెల్ఫ్ అమాల్గమేటింగ్ (తనకు తానే అతుక్కుపోయే) టేప్ సాగదీసి, కింది నుంచి పైకి చుట్టాలి. వెనిగర్ వాసనొచ్చే సిలికాన్ మాత్రం వద్దు, రాగిని తినేస్తుంది.

ఇంకోటి. 7.1 మెగాహెర్ట్జ్‌కి డైపోల్ ఒక్కో చేయి సుమారు 10 మీటర్లు. మన కోనసీమలో కొబ్బరిచెట్లకే కడతాం. బిగించి కడితే గాలికి చెట్టు ఊగినప్పుడు వైరు తెగుతుంది. ఒక కొసన కప్పీ వేసి ఇటుక వేలాడదీశాను. ఇప్పుడు వానలోనూ ఎస్‌డబ్ల్యూఆర్ 1.4.