కమ్యూనిటీలో ఇంకుడు గుంతలు నీళ్లు తాగడం లేదు: కొత్తవి తవ్వించాలా, ఉన్నవి బాగు చేయించాలా?

విల్లా_సెక్రటరీ

నమస్కారం అండీ. హైదరాబాద్‌లో కొంపల్లి వైపు 84 విల్లాల కమ్యూనిటీ మాది. బిల్డర్ అసోసియేషన్‌కి అప్పగించి మూడేళ్లు దాటింది, కానీ వాన నీటి లైన్ల డ్రాయింగులు మా దగ్గర లేవు. ఉన్నవి ఇవి: రోడ్డు పక్కన 14 ఇంకుడు గుంతలు (పొడవు, వెడల్పు, లోతు ఆరేసి అడుగులు), ఒక్కోదాని ముందు ఒక సిల్ట్ ఛాంబర్ (గుంతలోకి పోకముందే మట్టి, పూడిక ఆగే తొట్టి), పార్కులో ఒక ఇంజెక్షన్ బోరు (వాన నీటిని నేరుగా భూమి లోపలికి దింపే బోరు), క్లబ్‌హౌస్ సెల్లార్లో సంపు, దానికి రెండు మోటార్లు. ఇంకా కొన్ని ప్లాట్లలో ఇళ్లు కడుతున్నారు.

పోయిన వానాకాలం 9 గుంతల్లో నీళ్లు మూడు నాలుగు రోజులు నిలబడ్డాయి. దోమలు విపరీతం. సెల్లార్లోకి రెండుసార్లు నీళ్లొచ్చాయి. పాత గుంతలు పనికిరావు, పక్కన కొత్తవి తవ్వాలని కాంట్రాక్టర్ అంటున్నాడు. గుంతల ఓవర్‌ఫ్లో డ్రైనేజీలో కలిపేస్తే గొడవ వదిలిపోతుందని కమిటీలో ఒకరు, రోడ్డు నీళ్లన్నీ ఇంజెక్షన్ బోరులోకి తిప్పుదామని ఇంకొకరు. మృగశిర కార్తె లోపు పని పూర్తి కావాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవాళ్లు చెప్పండి.

కంకర_ఇసుక

కొత్తవి తవ్వించే ముందు పాతవి ఎందుకు తాగడం లేదో తేల్చుకోండి సర్. పైన పూడిక పేరుకుని ఉండాలి, లేదా అడుగున బండ తగిలి ఉండాలి, అదీ కాకపోతే భూగర్భ జలమే గుంత మట్టం దాకా వచ్చి ఉండాలి. పూడికైతే శుభ్రం చేస్తే చాలు. బండైతే ఎన్నిసార్లు కడిగినా లాభం లేదు. చెరువు దిగువన ఉన్న చోట్ల సెప్టెంబరు, అక్టోబరుల్లో నీటి మట్టం పైకొచ్చి గుంతలు నిండే ఉంటాయి. అక్కడ ఇంకో గుంత తవ్వితే అదీ అంతే. దగ్గర్లోని బోరులో నీటి మట్టం ఎన్ని అడుగుల్లో ఉందో చూస్తే ఈ అనుమానం తీరుతుంది.

14లో 5 తాగుతున్నాయి కదా. తాగని 9 ఎక్కడున్నాయో లేఅవుట్ మీద గుర్తు పెట్టండి. కట్టుబడి జరుగుతున్న ప్లాట్లకు దిగువన ఉంటే జవాబు దొరికినట్టే. రోడ్డు మీద పోసిన ఇసుక, టైల్స్ కడిగిన నీళ్లు, మిక్సర్ కడిగిన సిమెంట్ పాలు అన్నీ ముందు చేరేది గుంతలోకే. మట్టినైనా కడగొచ్చు, సిమెంట్ పాలు కంకర సందుల్లో గడ్డకడితే ఆ కంకర పారేయాల్సిందే.

వానలకు ముందే పరీక్ష చేయొచ్చు. ట్యాంకర్ తెప్పించి గుంత నింపండి. మొదటి రోజు ఎండిన నేల గబగబా తాగేస్తుంది, ఆ లెక్క పట్టించుకోవద్దు. మర్నాడు మళ్లీ నింపి, గోడ మీద గీత గీసి, గంటకోసారి ఎంత దిగిందో రాయండి. 24 గంటల్లో ఖాళీ అయితే గుంత బాగుంది. 48 గంటలు దాటితే పని పడినట్టే. పైన నీళ్లు నిలబడి ఉన్నప్పుడు గడ్డపారతో ఇసుకను ఒకచోట గుచ్చి కదపండి. బుడగలొచ్చి, నీళ్లు సుడి తిరుగుతూ దిగిపోతే కింద కంకర ఖాళీగానే ఉందని, పైపొర మాత్రమే మూసుకుపోయిందని అర్థం. అలాంటప్పుడు పై రెండు మూడు అంగుళాల ఇసుక తీసేసి కొత్తది వేస్తే సరిపోతుంది. చాలా గుంతలకు ఈ మాత్రం చాలు. కొత్త గుంతల బిల్లు దాకా వెళ్లక్కర్లేదు.

గడ్డపార గుచ్చినా కదలిక లేకపోతే కంకర మొత్తం బయటికి తీయాలి. మీ సైజు గుంత 216 ఘనపుటడుగులు. అడుగున 40 మి.మీ. కంకర 36 అంగుళాలు, దాని మీద 20 మి.మీ. కంకర 18 అంగుళాలు, ఆపైన దొడ్డు ఇసుక 7 అంగుళాలు, మిగతా 11 అంగుళాలు ఖాళీ. కొనాల్సి వస్తే గుంతకు పెద్ద కంకర 108, చిన్న కంకర 54, ఇసుక సుమారు 21 ఘనపుటడుగులు పడుతుంది. పాత కంకరను జల్లెడ మీద పోసి నీళ్ల ఒత్తిడితో కడిగితే మళ్లీ వాడుకోవచ్చు. గుంత అంచున మాత్రం కడగొద్దు, ఆ బురద తిరిగి లోపలికే పోతుంది. కంకర తీశాక అడుగున పేరుకున్న మెత్తటి బురద కూడా ఎత్తి, నేలను అర అడుగు గుల్ల చేయించండి.

ఇసుక విషయంలో జాగ్రత్త. రోబో శాండ్ వేస్తారు, అందులోని రాతి పొడి తడిసి పొరలా గట్టిపడుతుంది. నది ఇసుకే అడగండి. గుప్పెడు తీసి గాజు గ్లాసు నీళ్లలో కలిపితే నీళ్లు వెంటనే తేటపడాలి. ఇసుకకూ చిన్న కంకరకూ మధ్య నైలాన్ దోమతెర గానీ, నీరు దిగే జియోటెక్స్‌టైల్ గుడ్డ గానీ అడుగు మేర అంచులు మడిచి పరవాలి, లేకపోతే ఇసుక సందుల్లోకి జారిపోతుంది. సిమెంట్ బస్తాలు, టార్పాలిన్ పరిచేవాళ్లూ ఉన్నారు. అలాంటి గుంత తొట్టి కింద లెక్క. మళ్లీ నింపేటప్పుడు ఒక మూల గుంత అడుగుభాగం దాకా 4 అంగుళాల పీవీసీ పైపుకు రంధ్రాలు కొట్టించి నిలబెట్టండి, పైన మూత. ఇక మీదట కర్ర దింపితే లోపలి మట్టం తెలుస్తుంది.

అసలు రోగం ఎక్కువగా సిల్ట్ ఛాంబర్‌లో ఉంటుంది. బయటికి పోయే పైపు ఛాంబర్ అడుగు నుంచి కనీసం అడుగున్నర ఎత్తులో ఉండాలి. పైపు నోటికి కిందికి వంగిన ఎల్బో బిగిస్తే తేలే ఆకులు గుంతలోకి పోవు. పైపు కింది లోతులో మూడోవంతు దగ్గర ఎర్ర పెయింట్ గీత గీయించండి. పూడిక గీతను తాకితే తీయాలి. నెలకోసారి అని రాసుకుంటే సెప్టెంబరులో చాలదు, జనవరిలో దండగ. బయటికి తీసిన పూడికను గట్టు మీద వదిలేస్తే తర్వాతి వానకు మళ్లీ లోపలే ఉంటుంది, ట్రాలీలో ఎత్తించేయండి.

ఒక లెక్క కమిటీకి చెప్పండి. 216 ఘనపుటడుగులంటే 6,100 లీటర్లు కదా అనుకుంటారు. కంకర సందులు దాదాపు 40 శాతమే, కాబట్టి పైన వదిలిన ఖాళీతో కలిపినా నిజంగా పట్టేది 2,900 లీటర్ల దరిదాపు. 200 చదరపు మీటర్ల డాబా మీద 50 మి.మీ. వాన పడితే 10,000 లీటర్లు. గుంత ఎంత శుభ్రంగా ఉన్నా పెద్ద వానకు పొర్లుతుంది, పొర్లాలి కూడా. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ దగ్గర ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు పడింది. అలాంటి రోజున కాపాడేది గుంత కాదు, ఓవర్‌ఫ్లో దారి. ఆ పైపు ఎటు పోతుందో, చివర జాలీ మూసుకుపోయిందో లేదో ముందు చూడండి.

ఎస్‌టీపీ_ఆపరేటర్

ఓవర్‌ఫ్లో డ్రైనేజీలో కలిపే ఆలోచన అక్కడే ఆపేయండి. మురుగు లైను సైజు రోజువారీ వాడకానికి లెక్కగట్టింది. గంట వాన నీళ్లు అందులోకి వస్తే మ్యాన్‌హోళ్లు పొంగుతాయి, పల్లంలో ఉన్న ఇళ్ల బాత్రూముల్లోకి మురుగు ఎదురు తంతుంది. మీకు సొంత ఎస్‌టీపీ (మురుగు శుద్ధి ప్లాంటు) ఉంటే నష్టం ఇంకా ఎక్కువ. గాలి పంపే ఏరేషన్ ట్యాంకులో పెరిగిన, మురుగును శుద్ధి చేసే బ్యాక్టీరియా బురద వరదకు కొట్టుకుపోతుంది, అది మళ్లీ పెరిగేదాకా వారాల తరబడి బయటికొచ్చే నీళ్లు కంపే.

ఇప్పటికే ఎవరైనా కలిపి ఉన్నారేమో కూడా చూడండి. ఏప్రిల్‌లో వాన నీటి మ్యాన్‌హోళ్ల మూతలు వరసగా తెరిపించండి. ఆ లైను పొడిగా ఉండాలి. వాన లేకుండా నీళ్లు పారుతుంటే ఏదో కలిసింది. నురగ, వాసన ఉంటే ఎవరి వాషింగ్ మెషీన్ నీళ్లో, టాయిలెట్ లైనో. తేటగా ఉంటే మంచినీటి పైపు లీకు కావచ్చు. అనుమానం ఉన్న ఇంట్లో టాయిలెట్‌లో రంగు నీళ్లు పోసి దిగువ మ్యాన్‌హోల్ దగ్గర ఒకరు నిలబడితే పది నిమిషాల్లో తేలుతుంది.

మూతలు తీయించేటప్పుడు ఎవరినీ లోపలికి దింపొద్దు. వాన నీటి ఛాంబరే కదా అని తేలిగ్గా తీసుకుంటారు. ఆకులు కుళ్లినా విషవాయువు పుడుతుంది, ఆక్సిజన్ తగ్గుతుంది. అగ్గిపుల్ల గీసి చూసే పద్ధతి ప్రమాదం, పైగా నమ్మదగ్గది కాదు. పైనుంచే జెట్టింగ్ మెషీన్‌తో (నీళ్ల ఒత్తిడితో లైను కడిగే యంత్రం) చేయించండి. మురుగు లైన్లలోకి రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దింపడం 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం నేరం.

భూగర్భజలం

ఇంజెక్షన్ బోరు గురించి ఒక్క మాట. గుంతలో నీళ్లు మట్టి పొరల్లోంచి వడకట్టుకుని దిగుతాయి. బోరుకు ఆ వడపోత లేదు, పోసింది నేరుగా రాతి పగుళ్లలోకి పోతుంది. రోడ్డు నీళ్లంటే కారు ఆయిల్, కుక్కల పెంట, లాన్‌కు వేసిన యూరియా. మీ బోరే కాదు, పక్క కాలనీ బోరు కూడా చెడుతుంది. చెడ్డాక బాగు చేయడం దాదాపు అసాధ్యం. అందులోకి డాబా నీళ్లు మాత్రమే, అదీ ఇసుక ఫిల్టర్ దాటాకే పోవాలి. మొదటి వాన దుమ్మును బయటికి వదిలేయడానికి డౌన్ పైపు కింద విప్పే మూత పెట్టించండి. 100 చదరపు మీటర్ల డాబాకు కనీసం 200 లీటర్లు వదలాలి. బోరు తాగడం తగ్గితే కంప్రెసర్‌తో ఫ్లషింగ్ చేయించండి. వానలకు ముందూ తర్వాతా ఆ నీటికి టీడీఎస్ (కరిగిన లవణాలు), నైట్రేట్, కోలిఫాం (మురుగు కలిసిందని చెప్పే బ్యాక్టీరియా) పరీక్ష తప్పనిసరి.

దోమలకు గుంతల్లో కాలిన ఇంజిన్ ఆయిల్ పోయించకండి, అది భూమిలోకే పోతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు కావాలి, 48 గంటల్లో ఖాళీ అయ్యే గుంతలో దోమ పుట్టదు. నిజంగా పుట్టేది సిల్ట్ ఛాంబర్ అడుగున నిలిచిన నీళ్లలో. అడుగున అంగుళం రంధ్రం వదిలి చుట్టూ కంకర పోయిస్తే ఆ నీళ్లూ ఇంకుతాయి. మూతల సందులకు తెర కొట్టండి.

పంపు_హెడ్

సెల్లార్‌కు మోటారు హెచ్‌పీ పెంచే ముందు నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో చూడండి. ర్యాంపు పైన 6 అంగుళాల దిమ్మ లేకపోతే రోడ్డు నీళ్లన్నీ మీవే, దాన్ని ఏ మోటారూ తోడలేదు. దిమ్మ ఉంటే ర్యాంపు మీద పడే వాన మాత్రమే మిగులుతుంది. 120 చదరపు మీటర్ల ర్యాంపు మీద గంటకు 60 మి.మీ. పడితే నిమిషానికి 120 లీటర్లు. మోటారు ప్లేటు మీద రాసిన గరిష్ఠ లెక్క చూడకండి, మీ సెల్లార్ నుంచి నీళ్లు ఎక్కాల్సిన ఎత్తు దగ్గర ఎంత తోడుతుందో చార్టులో చూడండి. రెండు మోటార్లలో ఏ ఒక్కటైనా మొత్తం తోడగలగాలి, రెండోది స్పేర్.

ఫ్లోట్ స్విచ్ (నీళ్ల మీద తేలుతూ మట్టం పెరిగితే మోటారు ఆన్ చేసేది) గోడకో వైరుకో చిక్కుకుని మోటారు ఆన్ కాకపోవడం మామూలుగా జరిగేదే. వారానికోసారి సంపులో బకెట్లతో నీళ్లు పోసి ఆన్ అవుతుందో లేదో చూడాలి, చేత్తో స్విచ్ ఎత్తి చూస్తే చిక్కుకోవడం బయటపడదు. డెలివరీ పైపుకు ఎన్‌ఆర్‌వీ (నీళ్లు వెనక్కి రానివ్వని వాల్వు) ఉందా, పైపు చివర రోడ్డు మీద నీళ్లు నిలిచే మట్టం కంటే పైన ఉందా? లేకపోతే తోడిన నీళ్లే తిరిగొస్తాయి. రెండు మోటార్లూ జనరేటర్ లైన్ మీద ఉండాలి, స్టార్టర్ ప్యానెల్ నేలకు కనీసం నాలుగడుగుల పైన. నీళ్లు నిండిన సెల్లార్లోకి మెయిన్ ఆఫ్ చేయకుండా ఎవరూ దిగొద్దు, వాచ్‌మన్‌తో సహా.

విల్లా_సెక్రటరీ

చాలా ఉపయోగం అండీ. గుర్తు పెట్టి చూస్తే 9లో 7 కట్టుబడి ప్లాట్ల కిందే ఉన్నాయి. కాంట్రాక్టర్‌తో ఏడాది ఒప్పందంలో ఏం రాయాలి?

కంకర_ఇసుక

"గుంతలు శుభ్రం చేయడం" అని ఒక్క ముక్క రాస్తే పైన ఆకులు ఊడ్చి బిల్లు పెడతాడు. గుంతకింత అని రేటు రాసి, పని అయ్యాక ట్యాంకర్ నీళ్లతో 24 గంటల పరీక్ష మీ మనిషి ముందు పాసైతేనే చెల్లింపు అనండి. పూడిక బయటికి తరలించడం, ఇసుక రకం, తెర రకం విడివిడిగా రాయాలి. కంకర తీసినప్పుడు, నింపేటప్పుడు పొర పొరకూ టేపు పెట్టి ఫొటో.

ఆ 7 గుంతల నోళ్లు మాత్రం కట్టుబడి అయ్యేదాకా ఇసుక బస్తాలతో కట్టి, నీళ్లు నేరుగా ఓవర్‌ఫ్లోకి పోనివ్వండి. ఇప్పుడే కడిగిస్తే ఒక్క వానకు మళ్లీ మొదటికొస్తుంది. ఇల్లు కట్టేవాళ్ల దగ్గర డిపాజిట్ తీసుకుని, ఇసుక కుప్ప చుట్టూ ఇటుక వరస, మిక్సర్ కడగడానికి ప్లాటు లోపలే ఒక గుంత ఉండాలని బైలాలో చేర్చుకోండి. ఈ ఏడాది మిగిలిన 2 గుంతలు, 14 సిల్ట్ ఛాంబర్లు, ఓవర్‌ఫ్లో లైను చేయించండి చాలు.